గుండ్లు కడిగినవా అన్నా

కొన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే పావు గ్రాముంటుంది. తెల్లటి ప్లాస్టిక్ గుండు, బఠాణీ గింజకంటే కాస్త చిన్నది. ఇంత చిన్నదాన్ని మోయడానికి ఇంత ఆయాసమా అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగాను. జవాబు రాలేదు, ఆయాసం మాత్రం అలాగే ఉంది.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు ఇద్దరికీ మంచిది. జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను, అంతవరకు చాలు. పట్టుకోవాలంటే పట్టుకోవచ్చు. కానీ వృక్షశాస్త్రం సారు కోసం వెతికేంత తీరిక ఊళ్ళో ఎవరికీ ఉండదు.

మా ఊరి నుంచి లింగాల ఘనపూర్ వెళ్ళే దారిలో ఒక కోళ్ళ షెడ్డు ఖాళీగా ఉంది. కోళ్ళు పోయాయి, వాసన ఉంది. మేం కొందరం ఆదివారాలు అక్కడ ఎయిర్‌సాఫ్ట్ ఆడతాం. అంటే బొమ్మ తుపాకులతో, ప్లాస్టిక్ గుండ్లతో యుద్ధం. ముఖానికి మాస్కు, కళ్ళకు అద్దాలు, ఒంటిమీద ఆకుమచ్చల చొక్కా. పెళ్ళిళ్ళయి, పిల్లలుండి, బీపీ మాత్రలు వేసుకునే మనుషులం సిమెంటు తొట్ల వెనక బోర్లా పడుకుని ఒకరినొకరం చంపుకుంటాం. ఇంట్లోవాళ్ళు దీన్ని వ్యాయామం అనుకున్నారు. మేమూ కాదనలేదు.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. గుండు తగిలితే, తగిలినవాళ్ళే చెప్పాలి. గుండు రంగు అంటించదు. చొక్కా మీద గుర్తు మిగలదు. అంత వేగంలో పక్కవాడికి కనబడదు. చెయ్యెత్తి "తగిలింది" అని అరిచి, తుపాకీ దించి, బయటికి నడవాలి. ఆట మొత్తం ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. అంతటి నమ్మకం నా మీద కాలేజీ యాజమాన్యం కూడా ఎప్పుడూ పెట్టలేదు.

జహంగీరన్న మాలో పెద్దవాడు. బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఆయనది. చుట్టుపక్కల మండలాల్లో పెళ్ళంటే ఆయన కెమెరానే. పందిట్లో ఆ చివర నిలబడి ఈ చివరనున్న పెళ్ళికూతురి ముక్కుపుడక మెరుపును పట్టేవాడు. ఆదివారం అదే కన్ను తుపాకీ వెనక ఉండేది. ఆయన గురిపెట్టాడని తెలిస్తే చాలు, కొందరు తగలకముందే చెయ్యెత్తేవారు, మర్యాదగా.

నా సంగతి వేరు. ఆట మొదలైన కాసేపటికే బయటికొచ్చి, మిగతావాళ్ళు చచ్చి వచ్చేలోగా చాయ్ సిద్ధం చేసే ఆటగాణ్ణి నేను. దానికి నన్నెవరూ వెక్కిరించలేదు. చాయ్ బాగుండేది.

ఒక ఆదివారం మాత్రం నీళ్ళ డ్రమ్ము వెనక దూరాను. దూరి, బయటికి రాలేదు. అది వ్యూహమని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. నిజానికి మోకాలు పట్టేసింది. అది వదిలేసరికి చూస్తే మా వైపు నేనొక్కణ్ణే మిగిలాను, అటువైపు జహంగీరన్న ఒక్కడే. పోయినవాళ్ళందరూ బయట వైరుజాలీకి ముఖాలానించి చూస్తున్నారు. కూరగాయలకని బయల్దేరిన మా ఆవిడ, ఈ వ్యాయామం ఎట్లా ఉంటుందో చూసిపోదామని ఆ రోజే వచ్చింది. ఆమె కూడా జాలీ దగ్గరుంది, చేతిలో సంచీతో. నేను మెల్లగా లేచాను.

టప్.

కుడివైపు, పక్కటెముక కింద. అనుమానానికి ఏమాత్రం తావివ్వని నొప్పి. గుండు నా చొక్కాను తాకి కిందపడి, బూటు పక్కన ఊకలో దూరిపోయింది.

చెయ్యెత్తాలి. చెయ్యి లేవలేదు.

ఎందుకు లేవలేదు? ఆ ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి చాలా చూశాను. మా ఆవిడ ముందు పరువు కోసమా? ఆమె దగ్గర కొత్తగా పోవడానికి నాకు మిగిలిన పరువు ఏమంత లేదు. గెలుపు కోసమా? గెలిచినవాడికి ఇచ్చేది ఒక సమోసా ఎక్కువ. నాకు తోచిందేమిటంటే, ఆ షెడ్డులో అంతసేపు బతికుండటం నాకదే మొదటిసారి, ఆ రుచిని ఇంకొక్క నిమిషం నోట్లో ఉంచుకుని ఆ తర్వాత చెబుదామనుకున్నాను, తీరా ఆ నిమిషం గడిచాక, ఆలస్యంగా చెప్పడం అసలు చెప్పకపోవడంకంటే సిగ్గుచేటనిపించింది. ఇంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండేది. వెతికాను. దొరకలేదు.

"సార్, తగిలింది గదా?" అన్నాడు జహంగీరన్న, తుపాకీ కొంచెం దించి.

"లేదన్నా. పక్కపొంటి పోయింది."

ఆయన వాదించలేదు. మా ఆటలో లేదన్నవాడి మాటను కాదనే అలవాటు లేదు. అప్పటిదాకా ఎవరూ అబద్ధమాడలేదు గనక ఆ అవసరమూ రాలేదు. దక్కనీ ఉర్దూలో తనలో తాను ఏదో గొణుక్కుంటూ, చేతిలోని తుపాకీని కొత్త వస్తువులా చూస్తూ, పూర్తిగా నిటారుగా నిలబడిపోయాడు. అట్లా నిలబడ్డ మనిషిని నేను కాల్చాను. కళ్ళు మూసుకుని కాల్చాను, అది నా పద్ధతి.

"తగిలింది" అని వెంటనే చెయ్యెత్తాడు జహంగీరన్న. నిజంగా ఒంటికే తగిలిందో, చొక్కా అంచునే తాకిందో నాకిప్పటికీ తెలీదు. ఆయన మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు.

బయటికొచ్చాక అందరూ నా వీపు తట్టారు. జహంగీరన్న ఒక పక్కన కూర్చుని తుపాకీ గొట్టంలోకి చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు ఆపించాలి. ఏదో ఒకటి అనాలి. ఏమనాలో అనుకోకముందే నోట్లోంచి వచ్చేసింది.

"గుండ్లు కడిగినవా అన్నా?"

"కడుగుడేంది సార్?"

"ఆడేముందు కడగాలె గద. దుమ్ముంటే గాలి పట్టుకుంటది. వంకర పోతది."

"గట్లనా?"

"గంతే మరి."

పక్కనున్నవాళ్ళు తలలూపారు. సైన్సు సారు చెప్పాక ఇంకేముంది. నేను చెప్పేది మొక్కల సైన్సని, గుండ్లకు వేర్లూ ఆకులూ ఉండవని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. అందరికీ చాయ్ పోశాను.

ఇంటికెళ్ళాక నా పక్కటెముక కింద ఎర్రగా ఉబ్బిన మచ్చ చూసి మా ఆవిడ ఇదేందని అడిగింది. చీమ కుట్టిందన్నాను. చీమ మంచి బలంగా ఉన్నట్టుందే అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. జాలీ బయటినుంచి ఆమె ఎంత చూసిందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

తర్వాతి ఆదివారం జహంగీరన్న గుండ్లను సర్ఫు నీళ్ళలో నానబెట్టి, కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి తెచ్చాడు. ఆ రోజు ఆయన కొట్టిందల్లా తగిలింది. అంతకుముందూ తగిలేవి, ఆ సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. పద్ధతి స్థిరపడిపోయింది. స్టూడియోలో పేపరు మీద ఆరబోసిన తెల్ల గుండ్లను చూసి, ఫోటోకొచ్చినవాళ్ళు హోమియో మందు కూడా ఇస్తారా అని అడిగేవారట.

మహబూబాబాద్ జట్టు మాతో ఆడటానికొచ్చి ఈ విద్య నేర్చుకుపోయింది. అందులో సగంమంది మిర్చి వ్యాపారం చేసేవాళ్ళు. గుండ్లను నీడలో ఆరబెట్టాలా ఎండలోనా అని వాళ్ళు రెండుగా చీలిపోయారు. మిర్చికి మంచిదైన ఎండ గుండ్లకెందుకు కాదని ఒక వర్గం గట్టిగా అడిగింది. భూపాలపల్లి వాళ్ళు బొగ్గు గనుల దగ్గరి మనుషులు, దుమ్ము ఎంత పనైనా చేస్తుందంటే వాళ్ళు వెంటనే నమ్మారు. టేకుమట్లలో ఎవరో ఇంకాస్త శ్రద్ధగా ఉడకబెట్టారు. ఉడికిన గుండ్లు కోడిగుడ్డు ఆకారంలోకి తిరిగి తుపాకీలో ఇరుక్కుపోయాయి. ఆ తుపాకీ మళ్ళీ పేలలేదు. ఎవరినడిగినా చివరికి ఒకటే మాట, జనగామ సారు చెప్పిండు.

ఇన్ని ఊళ్ళు కడుగుతుంటే నాకే అనుమానమొచ్చింది. నేను తెలియక నిజమే చెప్పానేమో? అట్లా జరిగి ఉంటే ఎంత బాగుండు? ఎవరూ లేని ఒక సెలవురోజు షెడ్డుకు వెళ్ళి, అట్టపెట్టె మీద సున్నా గీసి, కడిగినవి కొన్ని, సంచీలోంచి నేరుగా తీసినవి కొన్ని కాల్చి చూశాను. ఈసారి కళ్ళు తెరిచే కాల్చాను. తేడా లేదు. ఇంకా చెప్పాలంటే, సరిగా ఆరనివే కాస్త అడ్డదిడ్డంగా పోయాయి. కొత్త గుండ్లను కడగనక్కర్లేదు. కిందపడ్డవాటిని ఏరి కడిగితే మట్టి పోతుందిగానీ గీతలు పోవు, వాటిని పారేయడమే మేలు. తుడవాల్సిందేదైనా ఉంటే అది తుపాకీ గొట్టం. ఇంత తెలుసుకున్నాక ఏం చేశాను? అట్టపెట్టెను చించి షెడ్డు వెనక తగలబెట్టాను. సైన్సు చదివినవాడు చేసే పని కాదది. కానీ ఆధారమంటే ఏమిటో సైన్సు చదివినవాడికే బాగా తెలుస్తుంది.

ఇక్కడిదాకా మీరు నవ్వుకుని ఉంటారు. నేనూ కొంతకాలం నవ్వుకున్నాను.

ప్లాస్టిక్ గుండు ఎంత కడిగినా ఎప్పుడో ఒకసారి దారి తప్పుతుంది. మునుపైతే జహంగీరన్న దాన్ని పట్టించుకునేవాడు కాదు. ఇప్పుడు పట్టించుకున్నాడు. కడిగిన గుండు కూడా తప్పిందంటే తప్పు గుండుది కాదు, మరి ఎవరిది? కన్నుదే. నేనిచ్చిన సిద్ధాంతం పట్టుకునే అక్కడిదాకా నడిచాడు, దారిలో ఎక్కడా తర్కం తప్పలేదు. హనుమకొండలో కళ్ళ దవాఖానకు వెళ్ళాడు. డాక్టరు అంతా బాగుందన్నాడు. పాపం మొహమాటానికి అన్నాడని జహంగీరన్న అనుకున్నాడు.

పెళ్ళిళ్ళలో ప్రతి ఫోటో రెండోసారి తీయడం మొదలుపెట్టాడు. పోసిన తలంబ్రాలు మళ్ళీ పోయమనేవాడు. చిట్యాల దగ్గర ఒక పెళ్ళిలో మూడో ముడి సరిగా పడిందో లేదోనని, అంటే ఫోటోలో, ఇంకోసారి వేయించాడు. ఆ జంట నాలుగు ముళ్ళతో కాపురం చేస్తోంది. బాగానే ఉన్నారట. పంతులు మాత్రం ఊరుకోలేదు, వెళ్ళిన ప్రతి పెళ్ళిలో చెప్పాడు. జహంగీరన్నకు కన్ను మందగించిందన్న మాట ఊళ్ళు దాటింది. పెళ్ళిళ్ళు వేరే స్టూడియోలకు పోసాగాయి.

ఒక సాయంత్రం చాయ్ తాగుతూ ఆయనే చెప్పాడు, కెమెరా బామ్మర్దికి ఇచ్చేస్తానని, తాను జిరాక్స్ మిషన్ దగ్గర కూర్చుంటానని. జిరాక్సుకు గురి అవసరం లేదు గద సార్ అని నవ్వాడు. పెళ్ళికూతురి ముక్కుపుడకను పందిరి అవతలినుంచి పట్టిన మనిషి.

నిజం ఎన్నిసార్లు చెప్పి ఉండొచ్చు? ఎన్ని ఆదివారాలు గడిచాయి? ఆయన సంతోషంగా ఉన్నప్పుడు, ఇప్పుడెందుకు చెడగొట్టడం అనుకున్నాను. దిగులుగా ఉన్నప్పుడు, ఇప్పుడు చెబితే ఏమైపోతాడో అనుకున్నాను. ఈ రెండింటి మధ్య ఆయన ఎప్పుడుంటాడో చూసి చెబుదామని కాచుక్కూర్చున్న నా ఓపికను ఏమనాలి? దయ అని నాకు నేను చెప్పుకున్నాను. వృక్షశాస్త్రంలో దీనికి పేరు లేదు. మామూలు తెలుగులో పిరికితనం అంటారు.

ఆ జిరాక్స్ మాట విన్న మర్నాడు స్టూడియోకి వెళ్ళాను. తిడితే పడదామని, కొడితే కూడా పడదామని, హెల్మెట్ తీయకుండానే లోపలికి నడిచాను.

"అన్నా, ఆ దినం నాకు తగిలింది. అబద్ధం చెప్పిన. నీ గురి తప్పలే. నీ కన్ను మంచిగుంది."

ఆయన తుడుస్తున్న లెన్సును బల్ల మీద పెట్టాడు. కోపం రావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

"సార్," అన్నాడు, నా చెయ్యి పట్టుకుని, "నా పానం నిమ్మలం చేసేటందుకు గింత మాట మీ మీద ఏసుకున్నరు. సాలు. మీ అసొంటి మనిషి అబద్ధమాడుతడా?"

ఆడతాడన్నాను. ఒట్టు పెట్టాను. చొక్కా పైకెత్తి పక్కటెముక కింద చూపించాను. అక్కడ కాస్త పెరిగిన పొట్ట తప్ప ఏముంది. అప్పుడే పాస్‌పోర్టు ఫోటోకని ఒకావిడ తలుపు తీసి, హెల్మెట్ పెట్టుకుని చొక్కా ఎత్తి నిలబడ్డ మనిషిని చూసి, తలుపు మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయింది. జహంగీరన్న నా చొక్కా కిందికి లాగి, కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. గుండు పక్కపొంటి పోవడం తాను కళ్ళారా చూశానన్నాడు. తాను నమ్మడం మానేసిన ఆ కళ్ళతోనే.

ఆయన అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అందరికీ చెప్పాడు. దోస్తు ధైర్యం కోసం తన పరువు తీసుకోబోయిన మనిషినట. మూడు ఊళ్ళ జట్లూ కలిసినప్పుడు నన్ను రెఫరీ చేశారు. తగిలిందా లేదా అని గొడవొస్తే ఇద్దరినీ నా ముందు నిలబెడతారు. అబద్ధమాడేవాడు నాకు వెంటనే తెలిసిపోతాడు. ఎట్ల తెలుస్తది సార్ అని ఆశ్చర్యపోతారు. అనుభవం అంటాను.

కెమెరా బామ్మర్దికే పోయింది. అతను తీసే ఫోటోల్లో చాలామందికి నెత్తి ఉండదు. జహంగీరన్న జిరాక్స్ దగ్గర కూర్చుని, ప్రతి కాగితం వంకర పడిందేమోనని వెలుతురుకు పెట్టి చూసుకుంటాడు. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి తీయించుకుంటాను. మా ఇంట్లో నా పదో తరగతి మెమో కాపీలు బీరువా అర నిండా ఉన్నాయి. ఇన్ని చోట్ల ఉద్యోగాలకు పెడుతున్నవా అని మా ఆవిడ అడిగింది.

ఇది క్షమాపణ కాదు. క్షమించాల్సిన మనిషి నన్ను మెచ్చుకుంటున్నాడు, ఆ దారి మూసుకుపోయింది. మరి మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్నెరుగరు. నన్ను మంచివాణ్ణనుకునే ప్రమాదం మీ దగ్గర లేదు. చెప్పింది చెప్పినట్టు నమ్మే మనిషి ఒక్కరుంటే చాలనిపించింది.

ఆ ఆదివారం గుండు నాకు తగిలింది. గుండ్లు కడగనక్కర్లేదు. జహంగీరన్న కంటికి ఏ లోపమూ లేదు, ఎన్నడూ లేదు. ఇప్పటికి ఒకరికి తెలిసింది.