జాజు పూసిన స్వెట్టరు

నేను నాలుగో క్లాసులో ఉండంగా, క్రిస్మస్ పాటకు దేవదూతల వేషాల పక్కన ముందు వరసలో నిలబడాలంటే ఎర్ర స్వెట్టరు, దాని మీద తళుకులు, మంచు ఉండాలని కన్నడ సీమలో ఉండే పావగడ కాన్వెంటులో సిస్టరమ్మ చెప్పింది. క్లాసులో అందరూ నన్ను గొర్లోళ్ల పిల్ల అని ఎగతాళి చేసేవాళ్లు. ముందు వరసలో నిలబడి వాళ్ల నోళ్లు మూయించాలని నా పంతం.

మా నాయన నవ్వినాడు. "వాన మొగం చూసి రెండేండ్లాయ. శెనక్కాయ చెట్టుకే దిక్కు లేదు, దీనికి మంచు కావాలంట!"

"నేనుండా గదమ్మీ" అనింది మా అవ్వ. అదే నా కొంప ముంచింది.

నాయన పాత నల్ల కంబళి కత్తిరించి, గోనెసంచులు కుట్టే దబ్బళంతో కుట్టింది. ఒక చెయ్యి పొడుగు, ఇంకో చెయ్యి పొట్టి. చిన్నాయన పెండ్లి బాసికం విప్పి తళుకులు, దిండు చింపి దూదితో మంచు. ఎరుపుకు, గొర్లకు గుర్తు పెట్టే ఎర్రమట్టి జాజు నీళ్లలో కలిపి దట్టంగా పూసింది. ఆఖరికి మెడకాడ గంట కట్టింది. శెనక్కాయ సాగు కోసం గొర్లన్నీ అమ్మేసినా, ముందర నడిచే పొట్టేలు గంట మాత్రం అవ్వ ఎవరికీ ఇయ్యలేదు.

"ఇట్లాంటిది ఆ సిస్టరమ్మ పుట్టి బుద్ధెరిగినాక చూసుండదు" అనింది. నిజమే.

గంట మోగకుండా పిడికిట్లో బిగబట్టుకొని, అవ్వతో బస్సెక్కినా. ఎండకు ఒళ్లంతా ఒకటే దురద. అయినా ముందు వరసలో నిలబెట్టినారు. అబ్బ, ఏం గర్వమో! అంతలో పక్కనుండే దేవదూత కెవ్వుమనింది. దాని తెల్లగౌను ఎర్రగా అయిపోయింది. అటుపక్క దేవదూతకూ అంటింది. సిస్టరమ్మ ఉరుకుతా వచ్చి నా చెయ్యి పట్టుకుంటే ఆయమ్మ చెయ్యీ ఎర్రనయ్యింది. నన్ను తీసుకపోయి వెనక గొర్లకాపరి వేషాల్లో నిలబెట్టి, కర్ర ఇచ్చింది. ఏది తప్పించుకోవాలనుకుంటినో ఆడికే పోతి! ఏడుపు ఆగలేదు.

మైకులో కన్నడంలో కథ చెప్తా ఉండారు. దేవుడు పుట్టినాడని దేవదూత మొదట చెప్పింది రాజులకు కాదంట, బీడు నేలల్లో గొర్లమంద కాసేవాళ్లకంట. కింద కూర్చోనుండిన మా అవ్వ దిగ్గున లేచింది.

"వింటిరాప్పా! పెద్దపెద్దోళ్లనంతా ఇడిసిపెట్టి ముందు మావోళ్లకే చెప్పినారంట!"

సిగ్గుతో చచ్చిపోతి. కండ్లెత్తి చూస్తే, నన్ను ఎగతాళి చేసే పిల్లోళ్లంతా ఒక్కరూ నవ్వకుండా నోరు తెరుచుకొని నన్నే చూస్తా ఉండారు. ముక్కు తుడుచుకున్నా, ముక్కూ ఎర్రనయ్యింది. పొద్దుటినుంచి పిడికిట్లో పట్టుకోనుండిన గంటను వదిలేసి, మెడ గట్టిగా ఆడించినా.