ఏ పచ్చ?

మొన్న మా నిమ్మచెట్లకు మందు కొట్టడానికి వచ్చిన ఓబులేసు బకెట్ నీళ్లలో మైలుతుత్తం కలుపుతుంటే, గడపలో కూర్చున్న నేను లేచి వెళ్లి పక్కన నిలబడ్డాను. కర్రతో తిప్పేకొద్దీ ఆ నీలం అడుగునుంచి పొగలా లేచి నీళ్లంతా పాకింది. "దూరం జరుగవ్వా, చీరకంటుతాది" అన్నాడు. అంటితే అంటనీ అనుకున్నాను. అదే నీలాన్ని గాజు గొట్టంలో పోసి, మంట మీద పట్టుకుని, రంగు ఎటు తిరుగుతుందా అని ఊపిరి బిగబట్టిన పదహారేళ్ల పిల్ల నాలో ఇంకా ఉంది. ఆ గొట్టం నా చేతిలో పెట్టినావిడ అన్నపూర్ణమ్మ డాక్టరమ్మ.

అది 1956. మాది ఆళ్లగడ్డ, నాయనకు బజారులో చీరల అంగడి. ఆ ఎండాకాలం ఆయన కుడికాలి చిటికెన వేలి దగ్గర చెప్పు కరిచి పుండయింది. పసరు పూసినా, కట్టు కట్టినా మానలేదు. చివరికి బస్సెక్కించి నంద్యాలలో డాక్టరమ్మకు చూపించాం. ఆమెది గుంటూరు వైపు. ముందు గదిలో రోగులను చూసేది, వెనక గదిలో పరీక్షలన్నీ తానే చేసేది. గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. నాయన మూత్రం పరీక్ష చేసి వచ్చి, మెత్తగా చెప్పడమనేది తెలియనట్టే చెప్పేసింది. "మీకు చక్కెర వ్యాధి. అది దిగకపోతే ఈ పుండు మానదు. మానకపోతే పాదం తీసేయాల్సి వస్తుంది. రోజూ ఇన్సులిన్ సూది వేయించుకోవాలి, రోజూ మూత్రం పరీక్ష చేయాలి."

"రోజూ నంద్యాలకు యాడొస్తానమ్మా?" అన్నాడు నాయన.

"మీరెందుకు రావడం? ఈ అమ్మాయి ఇంట్లోనే చేస్తుంది."

నాయన ముఖం సిగ్గుతో ముడుచుకుపోయింది. "ఆడబిడ్డతో ఇదేం పని డాక్టరమ్మా!"

"చీరల అంగట్లో పెరిగిన పిల్ల. రంగు చూడడం దీనికి కాక మీ మీసాలకు తెలుస్తుందా?" అని నన్ను వెనక గదిలోకి లాక్కుపోయింది.

ఆ గదిలో స్పిరిటు వాసన. సీసాలో ఆ నీలం. "భయపడకు, ఇందులో ఉన్నది మైలుతుత్తమే. దానికి చాకలిసోడా, నిమ్మ ఉప్పు తోడు. ఈ మందు ఐదు సీసీలు, మూత్రం ఎనిమిది చుక్కలు. తొమ్మిదో చుక్క పడిందా, పారబోసి మళ్లీ మొదలుపెట్టు" అంది. గొట్టాన్ని స్పిరిటు దీపం మీద వాల్చి పట్టుకుని కదిలించమంది. కదిలించాను. మరిగింది. ఆ నీలం మసకబారి, నా కళ్ల ముందే కొత్త ఇటుకలా ఎర్రబడింది! నేను అరిచిన అరుపుకు ముందు గదిలోని రోగులు తొంగిచూశారు. నాయన ఒంట్లో ఉన్నది, ఎవరికీ కనపడనిది, నా చేతిలో రంగై నిలబడింది. డాక్టరమ్మ నాకన్నా సంబరపడింది. "చూశావా? మనిషి చెప్పలేనిది ఇది చెబుతుంది. ఇటుక రంగంటే చక్కెర నిండా ఉన్నట్టు. నీలం నీలంగానే ఉంటే అసలు లేనట్టు. మనకు కావలసింది ఆ నీలం. మధ్యలో ఏ రంగొచ్చినా నాకు కబురు పెట్టు, దాన్నిబట్టి సూది మందు ఎంతో నేను చెబుతాను."

వంటింట్లోకి ఆ గొట్టం రాకూడదని అమ్మ ఖండితంగా చెప్పింది. పెరట్లో దీపం పెట్టుకున్నాను. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచాం; మా ఊరి కాంపౌండరు వచ్చి సూది వేసేవాడు. నంద్యాల బస్సు కండక్టరు సత్తార్ అన్న మా కబురు మోసుకుపోయి, డాక్టరమ్మ మాట తెచ్చేవాడు. మొదట ఇటుక రంగు. ఆమె మందు పెంచింది. నారింజ వచ్చింది. మళ్లీ పెంచింది. ఒక పొద్దున గొట్టంలో పచ్చ వచ్చింది. గంతులేస్తూ బస్సు దగ్గరికి పరుగెత్తాను. "సత్తారన్నా, పచ్చొచ్చిందని చెప్పు!"

సాయంత్రం ఆమె మాట వచ్చింది: "భేష్! ఇక మందు పెంచవద్దు."

తరువాత రోజూ పచ్చే. రోజూ అదే కబురు, అదే భేష్. కాని పుండు చుట్టూ నలుపు తిరిగింది. కట్టు విప్పితే వాసనకు అమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది. మళ్లీ నంద్యాల వెళ్లాం. డాక్టరమ్మ నాయన పాదం పట్టుకుని చాలాసేపు చూసింది.

"కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలండీ" అంది చివరికి.

"కాలు తీస్తారా తల్లీ?" అన్నాడు నాయన.

ఆమె నా వైపు తిరిగింది. "రోజూ పచ్చ వస్తుంటే పుండు ఇలా ఎందుకుంది? నా ముందు చేయి."

చుక్కలు లెక్కపెట్టి వేశాను. మరిగించాను. రంగు తిరిగింది. "ఇదేనమ్మా. రోజూ ఇదే పచ్చ" అన్నాను.

"ఇది పచ్చా?"

"పచ్చే గదమ్మా. పసుపుకొమ్ము మాదిరి."

ఆమె కిటికీ బయట వేపకొమ్మను చూపించింది. "మరి అదేమిటి?"

"అదీ పచ్చే. ఆకుపచ్చ."

డాక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "ఓసి నా తల్లీ! నువ్వు పచ్చ అంటే నేను ఆ ఆకు రంగనుకున్నాను. ఆకు రంగైతే చక్కెర ఆనవాలు మాత్రమే ఉన్నట్టు. ఇది పసుపు, అంతకన్నా ఎక్కువ! ఇన్నాళ్లూ చాలని మందుతో సరిపెట్టాను."

నాయన అంత నొప్పిలోనూ నవ్వాడు. "మా అంగట్లో ఎవరన్నా పచ్చచీర అడిగితే, ఏ పచ్చ అని అడగందే మడత ఇప్పం డాక్టరమ్మా."

"నేనూ అదే అడగాల్సింది. తప్పు నాది, పిల్లది కాదు" అందామె. ఒక పెద్ద డాక్టరు, రోగి ముందు, అంత గట్టిగా ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు. "ఒక్క వారం చూద్దాం. మందు పెంచుతాను, పుండు నేనే కడుగుతాను. తగ్గకపోతే నేనే కర్నూలు తీసుకుపోతాను."

"ఇక మాట వద్దమ్మా. పోగు పంపిస్తా" అన్నాను నేను.

"పోగా?"

"చీర పోగు. గొట్టంలో ఏ రంగుంటే ఆ రంగు పోగు."

ఆమె నన్ను ఎత్తి తిప్పినంత పని చేసింది. ఆ వారం నాయన నంద్యాలలోనే ఉన్నాడు. ఆమె పుండు కడిగింది, చిటికెన వేలు మాత్రం తీసేసింది. నలుపు పైకి పాకడం ఆగింది. ఊరికి తిరిగొచ్చాక అంగట్లో కూర్చుని ఒక్కో చీర కొంగునుంచి పోగులు తీశాం. పసుపు పోగు, నిమ్మకాయ రంగు పోగు, చిలకపచ్చ, ముదురు ఆకుపచ్చ. ఒక వరస మాకు, ఒక వరస డాక్టరమ్మ గోడకు. ఎండలో గొట్టం పక్కన పోగు పెట్టి సరిచూసి, కాగితంలో మడిచి సత్తార్ అన్నకు ఇచ్చేదాన్ని.

"ఏంది పాపా, డాక్టరమ్మకు పోగుపోగుగా చీర పంపిస్తాండారా? కట్టుకునేసరికి ముసల్దయిపోతాది!" అనేవాడు. కాని పొట్లం మాత్రం టోపీ మడతలో భద్రంగా పెట్టుకునేవాడు.

పసుపు పోయి నిమ్మకాయ రంగు. నిమ్మకాయ పోయి చిలకపచ్చ. పుండు అంచున లేత గులాబి చర్మం పుట్టింది. తరువాత ఒక పొద్దున గొట్టం మరిగింది, మరిగింది, రంగు మారలేదు. దించి చల్లారనిచ్చాను. నీలం! "నాయనా!" అని నేను వేసిన కేకకు ఆయన కర్ర ఊతతో పెరట్లోకి వచ్చాడు. చూశాడు. లోపలికి వెళ్లి, అమ్మ పెట్టెలోంచి పెళ్లినాటి నీలం పట్టుచీర తీసి కొంగునుంచి పోగు లాగాడు.

"అంగడి నిండా నీలం చీరలుంటే నా చీరే దొరికిందా నీకు?" అని అమ్మ గొడవ.

"ఈ పోగు అంగట్లోది పనికిరాదు" అన్నాడు నాయన.

సాయంత్రం సత్తార్ అన్న బస్సు నిలవకముందే అరిచాడు. "పాపా, డాక్టరమ్మ రోగులందరికీ బెల్లం పంచతాంది!"

నాయన ఆ కాలి మీదే నిలబడి చాలా ఏళ్లు గుడ్డ కొలిచాడు. నేను 1958లో డాక్టరమ్మ వెనక గదిలో పనికి చేరాను. ఎవరు పచ్చ అన్నా ముందు గదిలోంచి ఆ గొంతు వినిపించేది, "ఏ పచ్చ?" అని. 1960లో ఆమె గుంటూరు వెళ్లిపోయింది. గోడ మీది పోగులు తీసుకుపోయింది. ప్రశ్న నాకు వదిలేసింది. ఇప్పుడు రక్త పరీక్షకు పోతే అక్కడి పిల్ల "అంతా నార్మల్ అవ్వా" అంటుంది. ఎంత నార్మలో చెప్పమని నేను బల్ల దగ్గరే నిలబడతాను. మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ.

ఓబులేసు మందు కొట్టడం ముగించి బకెట్ కడిగాడు. "నాలుగు దినాలు పోనీ అవ్వా, ఆకులన్నీ పచ్చగా అయితాయి" అన్నాడు.

"ఏ పచ్చ?" అన్నాను.