మొదటి మరక

మధ్యాహ్నం భోజనాలయ్యాక జుల్మీరా గిన్నెలు తోముతుంటే, భర్త ఒటసీలియో పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని నవల చదివి వినిపించేవాడు. కథలో ఎవరైనా పోతే గిన్నెల చప్పుడు ఆగేది. ఆ చప్పుడు ఆగిందంటే గోడ అవతలివాళ్లు కూడా నిట్టూర్చేవారు. ఒటసీలియో పోయినప్పటి నుంచీ గిన్నెలు తొందరగా అయిపోతున్నాయి. ఆ తరవాత పొద్దు గడవడం లేదు.

ఆ నవలలు అరువిచ్చేది ప్రొఫెసర్ జెనేజియో. ఆయనకు ఒకే ఒక్క పిచ్చి. ఇచ్చిన పుస్తకం శుభ్రంగా తిరిగొస్తే తీసుకోడు. మరక లేదంటే చదవలేదని ఆయన లెక్క.

పట్నంలో విశ్వవిద్యాలయంలో బ్రెజిల్ సాహిత్యం బోధించి, రిటైరయ్యాక ఈ కొండ ఊరికి వచ్చేశాడు. తోటివాళ్లు రచయితల మీద పరిశోధన చేస్తే ఈయన చదివేవాళ్ల మీద చేశాడు. ఒకసారి నిండు సభలో నల్ల చిక్కుళ్ల పులుసు మరక మీద భూతద్దం పెట్టి, "ఈ పాఠకుడు ఇక్కడ గరిటె సంగతే మరిచిపోయాడు. ఇంతకన్నా గొప్ప విమర్శ ఎవరు రాశారు?" అన్నాడు. సభ ఘొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఊళ్లోవాళ్లు తెలివిమీరిపోయారు. సెలూన్ వల్దెసీర్ నవల తెరవకుండానే దాని మీద పులుసు ఒలకబోసి తెచ్చాడు.

"ఏమయ్యా, పులుసంతా మొదటి పేజీలోనే ఉందేం?"

"అక్కడే బాగా ఏడుపొచ్చిందండీ."

"అక్కడ ఊరి వర్ణన తప్ప ఏమీ లేదే!"

"ఊరు మరీ బావుందండీ."

"ఫో. పోయి నిజంగా తింటూ చదువు."

జుల్మీరా పక్కింటి నిల్జాకూ తప్పలేదు. "పెళ్లి చెడిపోయిన పేజీలో జామపండు హల్వానా? ఆ పిల్ల గుండె పగిలి ఏడుస్తుంటే నీకు మిఠాయి ఎలా దిగిందమ్మా?"

"నేనూ ఏడుస్తూనే తిన్నానండీ. ఏడిస్తే నాకు ఆకలి."

ఆ జవాబుకు ప్రొఫెసర్ మురిసిపోయి చేతికందిన నవలలన్నీ ఆవిడ ఒళ్లో పోశాడు.

ఇక జుల్మీరా వంతు వచ్చింది. ఒటసీలియో మంచం పట్టేనాటికి చదువుతున్న నవల సగం పైగా అయింది. అందులో లుసీందా అనే అమ్మాయి పెట్టె పట్టుకుని ఏటి రేవులో నిలబడి ఉంది. పడవ కూత వేసింది. ఎక్కుతుందని ఒటసీలియో, ఎక్కదని జుల్మీరా పందెం కట్టుకున్నారు. పందెం తేలకుండానే ఆయన వెళ్లిపోయాడు. లుసీందా ఎక్కిందా లేదా అన్నది అప్పటి నుంచీ జుల్మీరాను కుదురుగా ఉండనివ్వడం లేదు. కానీ ఎవరినీ అడగలేకపోయింది. అది వాళ్లిద్దరి మధ్య మాట.

చివరికి పరాయి వస్తువు ఇంట్లో ఎన్నాళ్లుంచుకోవడమని, ప్రొఫెసర్ పిచ్చి తెలిసినా మనసొప్పక, ప్రతి పేజీ తడిగుడ్డతో తుడిచి, పొయ్యి దగ్గర ఆరబెట్టి తీసుకెళ్లింది.

ప్రొఫెసర్ మొహం పాలిపోయింది. "కడిగేశావా జుల్మీరమ్మా!"

"మురికిగా ఎలా ఇస్తానండీ?"

ఆయన పేజీలు వెలుగుకు ఎత్తి పట్టి చూశాడు. "ఎంత తుడిచినా ఒటసీలియో కాఫీ పోలేదు, రేవు దాకా ఉంది. సబ్బునీళ్ల చుక్కలూ రేవు దాకా ఉన్నాయి. అంటే దీన్ని చదివినవాళ్లు ఇద్దరు. ఆ తరవాతంతా తెలుపే. నేను తీసుకోను."

"చదివే మనిషి పోయాడండీ."

"ఒకరేగా పోయింది."

జుల్మీరాకు ఒళ్లు మండింది. "నేను ఊరికే విన్నాను! నాకు కూడబలుక్కుంటే గాని అక్షరం రాదు. ఈ చేతులు చూడండి, ఎప్పుడూ పిండో, నూనో."

"పూర్తి కాని పుస్తకం తీసుకోనమ్మా," అని ఆయన తలుపేశాడు.

మనసన్నది లేని మనిషి అనుకుంది. మర్నాడు గడప మీద పడేసి వద్దామని మళ్లీ వెళ్లింది. కిటికీ తెరిచి ఉంది. లోపల ప్రొఫెసర్ సరికొత్త నవల ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో చెంచా, చెంచాలో కాఫీ. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చెల్లెలు దాల్వా ఆయన వీపు నిమురుతోంది.

"ఒక్క చుక్కే అన్నయ్యా. సూదిమందు కన్నా తేలిక."

"కాగితం ఎంత తెల్లగా ఉందో చూశావుటే..."

"చూశాను. వెయ్యి."

చుక్క పడింది. ప్రొఫెసర్ "అమ్మా" అని మూలిగాడు.

జుల్మీరాను చూసి దాల్వా గబగబా బయటికొచ్చింది. "నువ్వు చూడనట్టే ఉండు తల్లీ. సొంత పుస్తకాలన్నీ గుడ్డల్లో చుట్టుకుంటాడు. నేను ముట్టుకోవాలన్నా చేతులు కడిగి చూపించాలి. ఒకసారి రొట్టెలు చేసే ఆవిడ, 'ఇంత తెల్లటిది, నా చేతులకేమో పిండి' అని తెరవకుండానే తిరిగిచ్చేసింది. ఆరోజు మా అన్నయ్య ముద్ద ముట్టలేదు. అప్పట్నుంచీ అరువిచ్చేవాటికి మొదటి మరక తనే వేస్తాడు. ముందే మురికైతే ఇంక ఎవరూ భయపడరని."

లోపల్నుంచి కేక వినిపించింది. "దాల్వా! గుడ్డ పట్రా! వద్దు వద్దు, తేకు! తేకు!"

జుల్మీరా పకపకా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. పుస్తకం మళ్లీ చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

మధ్యాహ్నం పెరటి అరుగు మీద కూర్చుని, ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ చదవసాగింది. కొండ మీంచి మబ్బు దిగి, చినుకులు మొదలయ్యాయి.

"జుల్మీరా! వానే!" గోడ మీంచి నిల్జా అరిచింది. "నీ దుప్పట్లన్నీ తీగ మీదే ఉన్నాయి!"

"చూశాను."

"చూసి కూర్చున్నావా?"

"లుసీందా పడవ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. రెండోది ఇంకా పెట్టలేదు."

"అయ్యయ్యో, అక్కడున్నావా! అయితే కదలకు."

జుల్మీరా కదల్లేదు. వేలు తరవాతి మాట మీదికి జరిపింది. దుప్పట్లు నిక్షేపంగా తడుస్తున్నాయి.