పేరు లేని గొంతుకు పెర్సిస్ వెతికిన పేరు

పాలకొల్లు నుంచి దోహా వచ్చిన మొదటి పదేళ్లూ పెర్సిస్ ఒక కంపెనీ ఆఫీసులో టైపు చేసింది. ఆ కంపెనీ మూతపడ్డాక దోహా పక్కనే ఉన్న అల్ రయ్యాన్‌లో ఒక గ్రంథాలయంలో ఉద్యోగం దొరికింది. పాత టేపుల్లో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం, విని నాలుగు ముక్కలు రాయడం ఆమె పని.

రెండేళ్ల క్రితం అక్కడికి అమెరికా నుంచి మూడువందల టేపులు వచ్చాయి. ఎప్పుడో ఆగిపోయిన ఒక చిన్న రేడియో స్టేషన్‌వి. నల్లజాతివాళ్ల చరిత్ర, వాళ్ల సమ్మెలు, బడుల్లో వివక్ష మీద గొడవలు, అన్నీ డెబ్బైల్లో వారం వారం ప్రసారమైనవే. ఆ యాస పెర్సిస్‌కి మొదట్లో బొత్తిగా అర్థం కాలేదు. తిప్పి తిప్పి వినేది. మూడు నెలలయ్యేసరికి టేపులో జనం నవ్వితే తనూ నవ్వడం మొదలుపెట్టింది.

ఒక పెట్టె మీద 'గుర్తు తెలియని స్త్రీ, లాండ్రీ సమ్మె' అని ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆడవాళ్ల తరఫున ఏదో సభలో ఒకావిడ మాట్లాడుతోంది. "మేం ఉతికిన దుప్పట్ల మీద పడుకుంటారు. మేం ముట్టుకున్న తలుపు మాత్రం తుడుచుకుంటారు."

పెర్సిస్ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేసింది. ఆమె నాయనమ్మ మార్తమ్మ, టీ కొట్లో తమవాళ్లకి వేరే గ్లాసులు పెట్టారని, నాట్ల కూలీలను కూడగట్టి మూడు రోజులు ఎవరినీ పొలంలో దిగనివ్వలేదు. ఇంట్లో అందరూ చెప్పుకునే మాటే అది. మార్తమ్మ గొంతు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

విభాగం చూసే మొహసిన్ హైదరాబాద్ మనిషి. "గుర్తు తెలియదనే రాసెయ్యండి పెర్సిస్ గారూ. ఇంకా రెండొందల టేపులున్నయి," అన్నాడు.

"ఆవిడకి పేరు లేకపోవడమేంటి భాయ్? మనకి తెలీదంతే. వారం రోజులివ్వండి."

"వారమే. తర్వాత యల్లా, ముందుకు పోవాలె."

ఆ సభ తీరు పెర్సిస్‌కి కొత్త కాదు. మాట మాటకీ జనం "ఆమెన్" అంటున్నారు. పాలకొల్లు చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లను సంఘపెద్ద ముందు పేరు పెట్టి పిలుస్తాడు, ఆ తర్వాతే వాళ్లు లేస్తారు. ఈవిణ్ణీ ఎవరో పిలిచే ఉంటారు. టేపు మొదట్లోనే ఆమె మాట్లాడుతోందంటే, ఆ పిలుపు అంతకు ముందు టేపు చివర ఉండాలి.

కానీ పెట్టెల వరస చెడిపోయింది. ముందు టేపు ఏదో తెలియదు. ఈ టేపు మొదట్లో మాటల వెనక ఒక పసిబిడ్డ ఏడుపు ఉంది. పెర్సిస్ మిగతా టేపుల చివరి నిమిషాలు ఒక్కొక్కటే వింటూ పోయింది. ఐదో రోజు, చేపల రేవు కార్మికుల మీద అని రాసి ఉన్న టేపు చివర అదే ఏడుపు వినపడింది. దాని మీదుగా ఒక మగ గొంతు పలికింది: "సిస్టర్ ఓరా లీ బ్రిగ్స్, లేచి మాట్లాడమ్మా."

పెర్సిస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. "భాయ్! దొరికింది!"

మొహసిన్ రెండు టేపులూ జోడించి విన్నాడు. ఏడుపు ఎక్కడా తెగలేదు. "నేనైతే వదిలేద్దును. మీరు వదల్లే," అన్నాడు.

ఇంటర్నెట్‌లో ఉండే గ్రంథాలయం జాబితాకి ఆ పేరు ఎక్కిన ఐదు నెలలకు, అది చూసి ఓరా లీ మనవరాలు ఉత్తరం రాసింది. తను పుట్టకముందే పోయిన అవ్వ గొంతు మొదటిసారి విన్నదట. ఇంట్లోవాళ్లంతా చుట్టూ కూర్చుని మూడుసార్లు విన్నారట.

గ్రంథాలయంలో ఆ టేపు అందరికీ వినిపించిన రోజు మొహసిన్ పెర్సిస్‌ని ముందుకు పిలిచాడు. లండన్ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని ఆమెను అడిగాడు.

"మా ఊళ్లో, ఆడవాళ్లు లేచి మాట్లాడుతుంటే విని," అంది పెర్సిస్. ఆ తర్వాత మైకు వదలకుండా, మార్తమ్మ మూడు రోజుల సమ్మె మొత్తం చెప్పింది. ఆ సభను గ్రంథాలయం రికార్డు చేసి, ఓరా లీ టేపు పక్కనే భద్రపరిచింది.