నేను ముద్ర వేసిన గొర్రె

ఎనభైల మొదట్లో, చదువు ముగిసిన ఏడాదే నన్ను పల్నాడులో ఒక ఊరికి పశువైద్యుడిగా వేశారు. ఆసుపత్రి పని కాక, తెల్లవారగానే ఊరి కబేళాకు వెళ్ళి, కోసిన గొర్రెల్నీ మేకల్నీ చూసి, బాగున్న మాంసం మీద ఊదారంగు ముద్ర వేయడం కూడా నా పనే.

వెల్దుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చేవాడు. పెద్ద గొర్రెల మంద ఆయనది. ఆ వానాకాలం గిట్టలకు చీము పట్టి సగం మంద కుంటుతోంది. రోజూ అంత దూరం నేను పోలేను. అందుకని చీము పట్టించే క్రిముల్ని చంపే టెట్రాసైక్లిన్ సీసాలు, ఒక సిరంజి ఆయన చేతిలోనే పెట్టి, మెడ కండలో సూది ఎలా వేయాలో చూపించాను.

"బాబాయ్, ఐదు రోజులూ వెయ్యాలి. మధ్యలో ఆపొద్దు. మందు మాంసంలో ఉండిపోతుంది, వేసిన జీవాన్ని నెల దాకా కోతకు అమ్మొద్దు."

"అట్నే డాక్టరు గారూ."

పది రోజులకే మళ్ళీ వచ్చాడు. "రెండు సూదులకే లేసి మేసినయ్యయ్యా. ఇంక దేనికిలే అని ఆపినా. మళ్ళీ కుంటతన్నయ్."

కోప్పడ్డాను. కోప్పడుతూనే ఇంకో సీసా ఇచ్చాను. అలా మూడుసార్లు ఇచ్చాను.

ఆ తర్వాత ఒక ఉదయం కబేళాలో కొక్కేనికి వేలాడుతున్న గొర్రె చెవి చూసి గుర్తుపట్టాను. పెద్దాయన తన మందకు పెట్టుకునే కోత గుర్తు అది. మెడ మీద నిమ్మకాయంత గడ్డ ఉంది.

"ఇదేంది సార్?" అన్నాడు కోసే భాయ్. నలభై ఏళ్ళవాడు. చేతివాటంలో ఆ ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు.

"సూది వేసిన చోటు. మెడ తీసి పారెయ్ భాయ్. మిగతాది బాగానే ఉంది."

మందు వేసి ఎన్నాళ్ళయిందో చెప్పడానికి పెద్దాయన అక్కడ లేడు. ఆ గొర్రెను అమ్మకుండా నేను ఆపాల్సింది. బయట కొనేవాళ్ళు కేకలు వేస్తున్నారు. ముద్ర వేశాను.

భాయ్ కత్తి పెట్టగానే గడ్డ పగిలి చీము చిమ్మింది. కత్తి జారి బొటనవేలి మొదట్లో తెగింది. బకెట్లో చెయ్యి ముంచి, గుడ్డపీలిక చుట్టుకుని, తర్వాతి గొర్రె పని మొదలుపెట్టాడు.

మూడో రోజుకు చెయ్యి వాచింది. ఊళ్ళో డాక్టరు పెన్సిలిన్ ఇచ్చాడు, తర్వాత టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రలు ఇచ్చాడు. జ్వరం దిగలేదు. అతని భార్య మా ఇంటికి వచ్చి, "మిమ్మల్నే పిలవమంటన్నాడు సార్" అంది. ఇద్దర్నీ బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరు నాకొక గాజు పళ్ళెం చూపించాడు. అందులో భాయ్ చీములోని క్రిముల్ని పెంచారు. మధ్యలో ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి, తేటగా గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. టెట్రాసైక్లిన్ బిళ్ళ అంచుదాకా క్రిములు దట్టంగా కమ్ముకుని ఉన్నాయి.

"ఈ మందు అరకొరగా తగిలి, దానికి అలవాటుపడ్డ క్రిమి ఇది. ఎక్కడ పట్టిందో?" అన్నాడాయన. నేను లేచి భాయ్ మంచం దగ్గరికి వెళ్ళిపోయాను.

పనిచేసే మందు దొరికేసరికి చెయ్యి నల్లబడింది. ప్రాణం నిలబెట్టడానికి మోచేతి కింద తీసేశారు.

అది ఆ గొర్రె చీమేనని రుజువు లేదు. బకెట్టు నీళ్ళ నుంచైనా వచ్చి ఉండవచ్చు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ తర్వాత ఎవరి చేతికీ సీసా ఇవ్వలేదు. పెద్దాయన నన్ను తిట్టుకుంటూ మందుల కొట్లో కొనుక్కున్నాడు.

బదిలీ అయ్యాక, వెళ్ళబోయే ముందు భాయ్ మటన్ కొట్టుకు పోయాను. భార్య మాంసం కొడుతోంది, అతను పక్కన కూర్చుని ఒంటిచేత్తో పొట్లాలు అందిస్తున్నాడు. సీసాల సంగతి, ముద్ర సంగతి అంతా చెప్పేశాను. భాయ్ చేతిలోని పొట్లం పక్కన పెట్టాడు.

"నా చెయ్యి సంగతి అట్టా ఉంచు సార్. ఆ పొద్దు ఆ మాంసమంతా అమ్మినాం గదా. ఇంట్లో బాలింత కూతురుందని ఒక పెద్దామె కార్జం అడిగి తీసకపోయింది. అంతకుముందు వారం వారం వచ్చేది. ఆ తర్వాత రాలా."

"కనుక్కోలేదా?"

"ఎవుర్ని అడగను? మొగం గుర్తుంది. ఇల్లు తెల్దు."

నేనూ వెతకలేదు. రెండు రోజుల్లో సామాను సర్దుకుని దాచేపల్లి బస్సెక్కాను. ఆ బాలింతను నేనెప్పుడూ చూడలేదు. అయినా ఇన్నేళ్ళుగా ఆమె నాకు కనిపిస్తూనే ఉంది, ఒక్కోసారి ఒక్కో మొహంతో.