అంచు ముక్కలు

నలభై మంది చూస్తుండగా అంచులక్క సంచీ బోర్లించారు. రొట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గర, షిఫ్టు దిగే వేళ. ఒక టిఫిన్ డబ్బా, దువ్వెన, పాత గుడ్డలో చుట్టిన పదకొండు అంచు ముక్కలు నేల మీద పడ్డాయి.

"ఎవరిచ్చారివి?" అన్నాడు కొత్త మేనేజరు.

ఎవరూ ఇవ్వక్కర్లేదు. రొట్టె కోసేటప్పుడు రెండు కొసలా వచ్చే గట్టి ముక్కల్ని ప్యాకెట్లో పెట్టరు. అవి కోసేవాళ్లవి. ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచీ అంతే, కాకపోతే ఎక్కడా రాసిపెట్టి లేదు. ఇరవై రెండేళ్లు కోత బల్ల దగ్గర నిలబడింది కాబట్టే ఆవిడకు ఆ పేరు.

ఆవిడ పొయ్యి మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీ ఆవిడ సొంత తమ్ముడు.

"అక్కాతమ్ముళ్లు కలిసే కన్నం వేశారేమిటయ్యా?" అన్నాడు వాచ్‌మన్. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నాకు తెలీదు సార్" అన్నాడు తమ్ముడు.

మర్నాటి నుంచి ఆవిడను పనిలోకి రావద్దన్నారు.

అతనికి తెలియకపోవడమేమిటి! తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, అక్కకు పదహారు. పొద్దునా సాయంత్రమూ అక్క ఆ అంచుల్నే టీలో నానబెట్టి పెట్టేది. "నమిలి తినరా, పళ్లు గట్టిపడతాయి. రేపు నీ పెళ్లాం భయపడాలి" అనేది. రొట్టెకు మధ్యలో మెత్తటి భాగం ఉంటుందని పదేళ్లు వచ్చేదాకా అతనికి తెలియదు.

తర్వాత ఆవిడ ఒక హాస్టల్లో గిన్నెలు తోమింది. మసి, సబ్బునీళ్లు, పగిలిన వేళ్లు. తమ్ముడు ఆదివారం ఆదివారం తాజా రొట్టె పట్టుకుని వెళ్లేవాడు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అక్క తన ఎదుట ఒక్క ముక్క తింటే చాలు, ఆ సంగతి అక్కడితో తీరిపోయినట్టే అనుకున్నాడు.

ఆవిడ కసురుకుని ఉంటే బాగుండేది. నవ్వుతూ రొట్టె అందుకుని, పక్కింటావిడను పిలిచి, "మా తమ్ముడు తెచ్చాడమ్మా, పిల్లలకు పెట్టు" అని మొత్తం ఇచ్చేసేది.

"నువ్వో ముక్క తినక్కా."

"ఇప్పుడే తిన్నానురా."

ఏడేళ్లు. ఎప్పుడు వెళ్లినా ఆవిడ ఇప్పుడే తిని ఉండేది. మనిషి మాత్రం చిక్కి సగమైంది.

ఆఖరిసారి వాళ్లు కలిసింది ఆస్పత్రి వార్డులో. గోడ పక్క మంచం, కాళ్ల దగ్గర వేరొకరి చెప్పులు. అతను రొట్టె తుంచి, గోరువెచ్చటి పాలల్లో ముంచి, నోటిదాకా తీసుకెళ్లాడు. పాలు మోచేతి మీదుగా కారుతున్నాయి. ఆవిడ నోరు తెరవలేదు.

"ఆ రోజు నేను నిజం చెప్పాల్సింది అక్కా" అన్నాడు.

"చెబితే నీ పనీ పోయేది. పిల్లలున్నవాడివి. ఆ మాత్రం నాకు తెలీదా?"

"మరి తిను."

ఆవిడ అతని చెయ్యి మెల్లగా పక్కకు జరిపింది.

"కోపం కాదురా. ఆకలి లేదు, అంతే. అక్కడ పెట్టి వెళ్లు."