నాగవ్వ కోసిన ఇత్తడి రేకు

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డుకు దగ్గరగా శరణప్ప ఇల్లు. ముందు వసారాలో పాత లేతు మిషిను. ఇంజన్లలో రెండు ఇనుప భాగాల నడుమ సందు సరిచేయడానికి పల్చని రేకు ముక్కలు పెడతారు. మెకానిక్‌లు వాటిని షిమ్ములంటారు. బజారులో దొరకని మందంలో షిమ్ము కావాలంటే అందరూ శరణప్ప దగ్గరికే వచ్చేవారు. ఆయన కోసి ఇస్తే భార్య నాగవ్వ వాటి అంచులు ఆకురాయితో నున్నగా రాసేది.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో శరణప్ప కుడిచేయి మిషిన్లో పడి నలిగింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు గానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

"మిషిను అమ్మేద్దాం నాగవ్వా" అన్నాడొకరోజు గోడవైపు తిరిగి.

"అమ్ము. దాంతోని నా చేతులు గూడ అమ్ము" అందామె.

మర్నాడే లేతు మీద కప్పిన గోనెపట్టా లాగేసింది. ఆయన పక్కన పీట వేసుకుని చెప్తూంటే ఆమె చేసేది. మొదట్లో ఎంత రేకు పాడైందో! కొలత కుదిరితే అంచు వంకర, అంచు కుదిరితే కొలత తప్పు. "ఇంజన్ పని ఆడోళ్లకెట్ల వస్తది?" అని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆమె పని ఆపలేదు.

ఆ చలికాలం రాయికోడ్ నుంచి విరూపాక్ష పరుగున వచ్చాడు. అతని బెల్లం గానుగ తిప్పే డీజిల్ ఇంజన్ లోపల ఠంగుఠంగున కొట్టుకుంటోంది. నరికిన చెరకు కుప్పలుగా ఎండిపోతోంది.

"జర నువ్వే చూడాలె అన్నా."

"నేను గాదు, నాగవ్వ చూస్తది" అన్నాడు శరణప్ప. ఆమె రేకులు, కత్తెర, ఆకురాయి మూట కట్టుకుని బయలుదేరింది.

ఇంజన్ విప్పి చూస్తే బేరింగు అరిగి వదులైంది. సందు తగ్గడానికి పాత షిమ్ము తీసి, అంతకన్నా పల్చనిది కోసి పెట్టింది. బిగించాక ఇంజన్ చక్రం కదలనంటే కదలనంది. చుట్టూ చేరినవాళ్లు మొహాలు చూసుకున్నారు.

"ఫికర్ చేయకున్రి. మరీ బిగుసుకుంది. ఇంకో పొర పడాలె, అంతే."

కాగితమంత పల్చని ఇత్తడి రేకు కోసింది. అంచులు రాసింది, బొటనవేలితో తడిమి చూసుకుంది, లోపల పెట్టి మళ్లీ బిగించింది. ఈసారి ఒక్క తోపుకే చక్రం మెత్తగా తిరిగింది.

హ్యాండిల్ తిప్పారు. ఇంజన్ దడదడమని అందుకుంది. ఠంగుమన్న చప్పుడు లేదు! గానుగలోంచి రసం ధారకట్టింది. విరూపాక్ష గంతులేసినంత పనిచేశాడు.

"అక్కా, గెలిచినవ్!"

ఆ తర్వాత "ఝరాసంగం రైతులు వచ్చిన్రు, బొంబాయి లారీల డ్రైవర్లు వచ్చిన్రు" అని శరణప్ప అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఎనభై నాలుగులో ఇంటి ముందు కొత్త బోర్డు రాయించాడు: నాగవ్వ లేత్ వర్క్స్. పెయింటరు ఆయన పేరు కూడా రాయబోతే వద్దన్నాడు.

"ఆమె పేరే రాయి. పెద్దగ రాయి, లారీలోళ్లకు దూరంకెల్లే కనబడాలె."